పెదాలు చూసి వినేవాళ్లు

మొన్న రైల్లో నా ఎదుటి సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. అందులో ఎవరో చెబుతున్నదాన్ని పెదాలతో అనుకరిస్తోంది. పదిమంది మధ్య సిగ్గుపడి గొంతు మాత్రం బయటికి రానివ్వడం లేదు. మూతి ముందుకు సాగింది, గుండ్రంగా బిగిసింది, ఆ బిగువు సడలకుండానే లోపల 'ఈ' అనబోయింది. వెంటనే పెదాలు వెనక్కి జారిపోయాయి. మళ్లీ మొదలుపెట్టింది. ఫ్రెంచి నేర్చుకుంటోందని నాకు అర్థమైంది. ఒక్క శబ్దమూ వినకుండానే అర్థమైంది. దిగే స్టేషన్ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

వినకుండా మాట పట్టుకోవడం నాకు మా బాపు నుంచి, అంటే నాన్న నుంచి, వచ్చింది. ఫ్రెంచి, నేను ఫోన్లో తప్ప ఎన్నడూ చూడని ఒక ముసలావిడ నుంచి వచ్చింది.

మేము సూరత్‌లో, లింబాయత్‌లో ఉండేవాళ్లం. బాపు ఉత్తర తెలంగాణలోని పల్లె నుంచి పడుచు వయసులోనే వచ్చి సాంచెల పనిలో చేరాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. అవి నడిచే షెడ్డుకు అక్కడ ఖాతా అని పేరు. మా గదికి ఎడమ గోడ అవతల ఒక ఖాతా, వీధి దాటితే ఇంకో రెండు. అరల మీది గిన్నెలు ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉండేవి. మిషను నూనె, వేడెక్కిన పాలిస్టరు దారం, ఖాడీ అని పిలిచే మురికికాలువ, ఈ మూడింటి వాసన గల్లీని వదిలేది కాదు. ఆదివారం అవ్వ గిన్నె అడుగున సర్వపిండి ఒత్తి కాల్చినప్పుడు మాత్రం పల్లీ, కరివేపాకు వాసన ఆ మూడింటినీ కాసేపు పక్కకు నెట్టేది. అమ్మను మేము అవ్వ అంటాం.

ఖాతాలో ఎంత అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. పెదాలను బాగా కదిలించి, గొంతు లేకుండా మాట్లాడుకుంటారు. నాలుగు సాంచెల అవతల నిలబడ్డవాడి నోరు చూసి దారం తెగిందో, చాయ్ వచ్చిందో, సేటు వచ్చాడో చెప్పేస్తారు. 'ప', 'బ', 'మ' పెదాల మీద ఒక్కలాగే కనిపిస్తాయి కాబట్టి అవి ఎక్కువగా తగిలే మాటలను వదిలేసి వేరే మాట వెతుక్కుంటారు. ఈ విద్యను ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గల్లీతోనే పోయింది.

పిల్లలం దీన్ని బాగానే పాడుచేశాం. ఇంటి ఓనరు వాకిట్లోకి వస్తే ఎదురుగా నిలబడి, గొంతు రానివ్వకుండా అతని మీసాన్ని తిట్టేవాళ్లం. ఒకసారి వీధి చివర నుంచి వస్తున్న బాపు నన్ను పట్టేశాడు.

"ఏమన్నవే గాయిన్ని?"

"ఏమనలే బాపు."

"మీసం గాదు, గాడిది తోక అన్నవ్. నేను జూసిన."

వీపు మీద ఒకటి వేసి, ఇంట్లోకి వచ్చాక తనే నవ్వాడు. "తోకనే గని, మొఖం మీద అనకు."

ఈ విద్య వెనక ఒక రహస్యం ఉంది. ఏళ్ల తరబడి సాంచెల మధ్య నిలబడితే చెవులు పోతాయి. బాపుకు నా చిన్నప్పటికే దాదాపు పోయాయి. ఆ మాట ఇంటి బయట అనకూడదు. చెవులు పనిచేయనివాడికి మిషను శబ్దంలో తేడా తెలియదని, సాంచె విరగ్గొడతాడని సేటు పనిలోంచి తీసేస్తాడని భయం. చెవులు తీసుకున్నది ఖాతా. ఆ సంగతి సిగ్గుతో దాచుకోవలసినవాడు కూలి! సొమ్ము పోయినవాడే మొహం చాటేసుకు తిరగాలన్న ఈ న్యాయాన్ని మా గల్లీలో ఒక్కరూ ప్రశ్నించలేదు. నేనూ ప్రశ్నించలేదు. ఎదుటివాడి ముఖం కనిపించకపోతే, వెనక నుంచి ఎవరైనా ఏదైనా అడిగితే, బాపు ఒకటే చేసేవాడు. తల ఊపేవాడు. చిన్న ఊపు, కొంచెం నవ్వు. సాంచెల మనుషులందరూ అలాగే ఊపేవాళ్లు. అడిగినవాడు సంతోషంగా వెళ్లిపోయేవాడు.

ఆ తరువాత కరోనా వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది. ఖాతాలు ఒక్క రోజున ఆగిపోయాయి. గిన్నెలు వణకడం మానేశాయి. ఆ నిశ్శబ్దంలో మా గల్లీ మగవాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో మొదటిసారి బయటపడింది. పక్కన కూర్చున్న మనిషితో కూడా వీధి అవతలివాడిని పిలిచినట్టు మాట్లాడేవాళ్లు. దేశమంతా పళ్లేలు మోగించమన్న సాయంత్రం అందరికంటే గట్టిగా కొట్టింది మా బాపే. స్టీలు పళ్లెం సొట్టపోయింది. రోగం శబ్దానికి భయపడుతుందని పెద్దబాపు ధైర్యం చెప్పాడు. పెద్దబాపు అంటే బాపుకు అన్న, ఆయనదీ సాంచెల పనే. శబ్దానికి పారిపోయే రోగమైతే లింబాయత్‌లో అడుగుపెట్టేదే కాదు. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు. నేనూ గరిటె పట్టుకుని కొట్టాను. పాత గుడ్డలో కర్పూరం, వాము మూట కట్టి అందరి మెడల్లో వేసింది అవ్వ. ఆ ఏడాదంతా మా బట్టలకు అదే వాసన.

చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. తను వెళితే తన సాంచెలు వేరేవాడికి ఇచ్చేస్తారని బాపు వెళ్లలేదు. నేను చదివే తెలుగు బడి మూతపడింది.

అంతకుముందు అవ్వ కారప్పొడులు, పచ్చళ్లు చేసి, రెండు ఆటోలు మారి ఇచ్ఛాపూర్ దగ్గర కంపెనీ క్వార్టర్లలో తెలుగువాళ్లకు ఇచ్చి వచ్చేది. అక్కడ ఒక ఇంజనీరుగారి తల్లి ఉండేది. యానాంలో పుట్టి, అక్కడే ఫ్రెంచి పంతులమ్మగా పనిచేసిన మనిషి. కొడుకు ఇంట్లో మనవలెవరూ ఆమె ఫ్రెంచి వినరు. లాక్‌డౌన్లో అవ్వకు ఫోన్ చేసి, "మీ అమ్మాయి ఖాళీగానే ఉందిగా, నాకు అప్పజెప్పండి. డబ్బులొద్దు, నాకూ పొద్దుపోదు" అంది. అవ్వ ఒప్పుకుంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్లో ఆవిడ ముఖం. నేను మామ్మగారూ అనేదాన్ని.

పక్కింటి అత్త కిటికీలోంచి వింత చూసేది. "ఏందే గిది, ముక్కుల మాట్లాడుతున్నవ్? ఫ్రెంచోళ్లచ్చి లింబాయత్ల చీరె కొంటరా?"

ముక్కుతో మాట్లాడటమే మొదటి కష్టం. 'కాదు' అనే మాటను నేను పుస్తకంలో 'నోం' అని రాసుకుని చదివాను. మామ్మగారు నుదురు కొట్టుకుంది. "పెదాలు మూసేశావమ్మా! మనం మాట చివర సున్న పెడితే మూసేస్తాం. వాళ్లు మూయరు. నోరు తెరిచే ఉంచి గాలిని ముక్కులోకి పంపు. నొఁ. మన పద్యాల్లో అరసున్న ఉంటుంది చూడు, మన తాతలు వాడి మానేసిందే. వాళ్లింకా రోజూ వాడుతున్నారు." ఆ రోజు నుంచి నా పుస్తకం నిండా అరసున్నలే. బొఁజూర్. మొఁ పేర్, మా నాన్న. చివరి అక్షరాలు చాలావాటిని రాయాలి, పలకకూడదు. 'నేను ఉన్నాను' అంటే జ స్వీ, 'నువ్వు ఉన్నావు' అంటే త్యు ఎ, 'అతడు ఉన్నాడు' అంటే ఇల్ ఎ. చివరి రెండింటిలో 'ఎ' రాయడానికి వేరు, పలకడానికి ఒకటే. పెద్దవాళ్లను 'వూ' అనాలి, మన 'మీరు' లాగే. వయసు చెప్పాలన్నా మన తీరే. నేను పద్నాలుగేళ్లు 'అయి' ఉండను, నాకు పద్నాలుగేళ్లు 'ఉంటాయి'. జె కతోర్జాఁ. "ఇంగ్లీషు దారిన పోయి తికమకపడకు. తెలుగులోంచి నేరుగా దాటు, దగ్గర" అనేది మామ్మగారు.

వస్తువులన్నింటికీ ఆడా మగా ఉందని చెప్పిన రోజు నేను ఊరుకోలేదు.

"బల్ల ఆడది ఎందుకయింది మామ్మగారూ?"

"ఎందుకో ఎవరికీ తెలీదు. అంటున్నారు గనక అనాలి."

"కారణం లేకుండానా?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కారణం లేని నియమం బల్ల మీద ఉంటే నష్టం లేదమ్మా. మనిషి మీద ఉంటే మాత్రం అడిగి తీరాలి. పసిపిల్లల పెళ్లిళ్లు కూడదని ఇంగ్లీషువాళ్ల వైపు చట్టం వచ్చింది. యానాం ఫ్రెంచివాళ్ల కింద ఉండేది, అక్కడ ఆ చట్టం లేదు. అందుకని పాలు తాగే పిల్లల్ని బండ్లలో తెచ్చి మా ఊళ్లో తాళి కట్టించేవారుట. మా అమ్మ చెప్పేది. శాస్త్రం, ఆచారం అనేవారే తప్ప ఎందుకని ఒక్కడు అడగలేదు."

నేను ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. ఫ్రెంచివాళ్లు బల్లను ఆడది చేశారు. మనమో, బల్ల వచ్చింది, కోడలు వచ్చింది అని ఒకే క్రియ తగిలించి, ఆడదాన్నే బల్ల పక్కన నిలబెట్టాం. మరునాడు ఈ మాట చెబితే మామ్మగారు దగ్గు వచ్చేదాకా నవ్వింది.

పని లేక గోడకు ఆనుకుని కూర్చునే బాపు ఈ పాఠాలన్నీ చూసేవాడు. వినేవాడు కాదు, చూసేవాడు. ఫ్రెంచి 'నువ్వు'లో ఉన్న అచ్చు నాకు ఎంతకీ రాలేదు. పెదాలు 'ఊ' అనాలి, లోపల నాలుక 'ఈ' అనాలి. నేను 'ఈ' అనగానే పెదాలు సాగిపోయేవి. మూడో రోజు బాపు వెనక నుంచి అన్నాడు.

"ఆమె మూతి ముంగటికచ్చి ఆడనే నిలబడ్డది. నీది ఎన్కకు గుంజుకపోతంది."

నిలబెట్టి చూశాను. వచ్చింది. "ఎవరమ్మా ఆ చెప్పింది? భలే పట్టారే!" అంది మామ్మగారు. బాపు సిగ్గుపడి మీసం దువ్వుకున్నాడు. ఆ తరువాత ఆయనే నాకు రెండో పంతులు. పెదాలు ఎప్పుడు మూశానో, ఎప్పుడు సడలించానో, ఒక్కటీ తప్పిపోనిచ్చేవాడు కాదు. ఆ రెండు నెలలు బాపు ముఖంలో ఉన్న వెలుగును నేను ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు.

ఒక మధ్యాహ్నం మామ్మగారు పక్కకు తిరిగి దేనికోసమో వెతుక్కుంటూ, "మీది అసలు ఏ ఊరు నాయనా?" అని బాపును అడిగింది. బాపు తల ఊపాడు. చిన్న ఊపు, కొంచెం నవ్వు. ఆవిడ ఇటు తిరిగి, మమ్మల్ని కాసేపు చూసి, అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఈసారి బాపు ఊరి పేరు చెప్పాడు. ఆవిడకు తెలిసిపోయింది.

మరునాడు పాఠం 'కాదు, లేదు' గురించి. క్రియకు అటొక ముక్క, ఇటొక ముక్క పెడితే కాదన్నట్టు. జ న సె పా, నాకు తెలియదు. జ నాఁతాఁ పా, నాకు వినబడదు. రెండో వాక్యం నా చేత పదిసార్లు అనిపించి, "దీన్ని మీ నాన్నగారికి నేర్పు. ఫ్రెంచి అక్కర్లేదు. హిందీలో, తెలుగులో చాలు. ముందు ముందు అందరూ మూతులు కట్టుకునే తిరుగుతారు. అప్పుడు ఆయనకు ఈ ఒక్క వాక్యమే దిక్కు" అంది.

నేను బాపు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన ముఖం మూసుకుపోయింది.

"ఎవ్వలకు జెప్పద్దు. సేటుకు తెలిస్తే మనం బతికేది ఎట్ల?"

నేను మళ్లీ అనలేదు.

ఖాతాలు తెరిచారు. గేటు దగ్గర అందరికీ మాస్కులు ఇచ్చారు. ముప్పై ఏళ్లుగా మనుషులు మాట్లాడుకున్న పెదాలన్నీ ఒక్క పూటలో గుడ్డ వెనక్కి పోయాయి. మాస్కు తప్పని నేను అనను. అది ప్రాణం కాపాడే వస్తువు. కానీ దాని వెనక ఎవరి భాష పోతోందో ఆలోచించిన అధికారి లేడు, సేటు లేడు. ఆలోచించాలంటే ముందు ఆ చెవుల సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. మావాళ్లు చెప్పరు. బాపు ఒక సాంచె ఆపమంటే ఇంకోటి ఆపేవాడు. సాంచెల మరమ్మతు చూసే మాస్టర్ "కాకా, నిద్రపోతున్నవా?" అని హిందీలో కసిరితే తల ఊపి ఇంటికి వచ్చేవాడు. ఫ్రెంచి పాఠం దగ్గర కూర్చోవడం మానేశాడు.

రెండోసారి రోగం ఊరి మీద పడ్డప్పుడు బాపుకు జ్వరం వచ్చింది. అయిదో రోజుకు మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఏ దవాఖానలోనూ మంచం ఖాళీ లేదు. మాస్టరే సేటుతో మాట్లాడి, ఒక పెళ్లి హాలులో మంచాలు వేసి తెరిచిన కేంద్రంలో చోటు ఇప్పించాడు. ఆ మేలు నేను మరచిపోను. పగటిపూట బండి వచ్చింది. వెంట మాస్టరూ వచ్చాడు. ఒళ్లంతా తెల్లటి తొడుగు వేసుకున్న మనిషి చేతిలో కాగితం పట్టుకుని హిందీలో నన్ను అడిగాడు. షుగరుందా, బీపీ ఉందా, ఇంకేమైనా ఇబ్బంది ఉందా?

నేను నోరు తెరిచాను. మాస్టర్ వెనక నుంచి బాపు తన మాస్కు కిందికి లాగి, గొంతు లేకుండా అన్నాడు. "చెప్పకు. నాలుగొద్దులల్ల అస్త."

"ఔర్ కుఛ్?" అన్నాడు కాగితం మనిషి.

"కుఛ్ నహీ" అన్నాను.

మరుసటి రోజు వీడియోలో మాట్లాడాం. బాపు మూతికి ఆక్సిజన్ మాస్కు. నేను ఫోనుకు దగ్గరగా వచ్చి ఎట్లున్నవని పెదాలతో అడిగాను, ఆయన బొటనవేలు చూపించాడు. అప్పుడే మంచం పక్కన నర్సు ఆగి, మాస్కు వెనక నుంచి ఏదో చెప్పింది. బాపు తల ఊపాడు. చిన్న ఊపు. నర్సు వెళ్లిపోయింది. అది నేను చూశాను. ఆ ఊపు అర్థం ఈ భూమ్మీద తెలిసినవాళ్లలో నేనొకదాన్ని. "సిస్టర్" అని ఒక్క కేక వేస్తే ఆమెకు వినబడేది. వేయలేదు. నాలుగొద్దులే కదా అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బాపు చనిపోయాడని ఫోన్ వచ్చింది. ముఖం చూపించలేదు.

వారం తరువాత ఆయన పక్క మంచంలో ఉన్న ఒడియా మనిషి, కోలుకుని, బాపు ఫోను తెచ్చి ఇచ్చాడు. వాకిట్లోనే నిలబడి హిందీలో చెప్పాడు. "బోర్లా పడుకొమ్మని రోజూ చెప్పేవాళ్లు బేటీ. ఆక్సిజన్ తియ్యొద్దు, లేవొద్దు, మేమే వస్తాం, చెయ్యి ఎత్తు అనేవాళ్లు. కాకా అన్నిటికీ సరే అని తల ఊపేవాడు. మళ్లీ వెల్లకిలా పడుకునేవాడు. తీసేసి బాత్రూముకు నడిచేవాడు. చాలా మొండి మనిషి అనుకున్నారు అందరూ. ఆ రోజు కూడా అట్లాగే లేచాడు. తలుపు దగ్గర పడిపోయాడు."

విని ఉంటే బతికేవాడా? నాకు తెలియదు. విన్నవాళ్లు కూడా ఎంతోమంది ఆ హాల్లో పోయారు. రుజువు లేనిదాన్ని నేను నిజమనను. ఆయనకు చెప్పినది ఒక్కటీ ఆయనకు చేరలేదన్నది మాత్రం నిజం. చేర్చగలిగింది నేను.

మామ్మగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అమ్మా?"

"లేదు. మీకే."

"నాకు చెబితే ఏం లాభం? నాకు వినపడుతుంది."

పదకొండో రోజు బాపుతో పనిచేసినవాళ్లు ఏడుగురు వచ్చారు. గల్లీలో చాపలేసి దూరదూరంగా కూర్చోబెట్టాం. పెద్దబాపు మాస్కు అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "ఏం జేస్తం బిడ్డా. ఆని రాత గట్లుండె. దేవుడు గంతే రాసిండు."

ఎంత సుఖమైన మాట! అందులో నేను నోరు మూసుకున్నది లేదు, ఖాతా చెవులు తీసుకున్నది లేదు, చెవుల సంగతి దాచకపోతే బతకలేని ఏర్పాటు లేదు. అందరం నిర్దోషులం. తప్పంతా దేవుడిది, ఆయన్ను ఎవరూ బోనెక్కించరు. ఆ మాట ఒప్పుకుంటే ఆ రోజు నాకు నిద్ర పట్టేది.

"రాత గాదు పెద్దబాపు" అన్నాను. "బాపుకు చెవులు ఇనబడవు. ఆడ చెప్పింది ఒక్కటి గూడ ఆయనకు ఇనబడలే. నాకు తెలిసి గూడ నేను చెప్పలే. మీకు గూడ ఇనబడవు. రేపు మీరు దవాఖానకు వోతే చెప్పున్రి. లేకుంటే మీ పిల్లలతోని చెప్పియ్యిన్రి."

ఏడుగురూ తల ఊపారు. పెద్దబాపు కూడా. చిన్న ఊపు, కళ్లలో కొంచెం నవ్వు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేమిటని ఒక క్షణం ఆశ్చర్యపోయాను. తరువాత నా మూతి మీది గుడ్డ తడిగా తగిలింది. లేచి గల్లీ చివరిదాకా వెనక్కి నడిచి, గోడకు ఆనుకుని మాస్కు తీశాను. నన్ను చూడమని చెయ్యి ఊపాను. అవే మాటలు, ఒక్కొక్కటిగా, పెదాలతో మళ్లీ చెప్పాను.

ఈసారి ఎవరూ తల ఊపలేదు.

పెద్దబాపు వీధి వీధంతా వినబడేట్టు అన్నాడు. "ఊకో బిడ్డా. సేటు దాకా పోతది ముచ్చట."

చాపలు ఎత్తేశాం. ఆ ఏడుగురిలో ఇద్దరు మా గడప మళ్లీ తొక్కలేదు. ఒకాయన మాత్రం తరువాతెప్పుడో దవాఖానలో చేరినప్పుడు, తనకు వినబడదని కూతురి చేత కాగితం మీద రాయించాడట. ఒక్కరు. ఆ తరువాత ఈ చెవుల సంగతే ఎన్నో సభల్లో ఎందరితోనో వాదించాను, గెలిచానని చప్పట్లు కూడా కొట్టారు. బాపుతో ఆ ఒక్క వాదం నేను ఓడిపోలేదు. చేయనే లేదు.